హోమ్‌స్టే అంటే ఇంటివాళ్లు ఉండే ఇల్లు



మాది బుక్కపట్నం మండలం. ఎరుకల కుటుంబం. పుట్టపర్తి మాకు పక్కనే. బాబా చిన్నప్పుడు చదువు కోసం పుట్టపర్తి నుంచి మా బుక్కపట్నం బడికి నడిచి వచ్చేవాడని మా పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడు పని కోసం మేమే పుట్టపర్తికి పోతున్నాం. మాయమ్మ అక్కడ ఒక బిల్డింగ్‌లో పదకొండేళ్లు రూములు తుడిచింది, దుప్పట్లు ఉతికింది. ఏ రూములో గీజర్ పనిచేయదో, ఏ దేశపోళ్లు ఏ నెలలో వస్తారో ఆమెకు నోటికి వచ్చు. ఆ పనంతా వచ్చు కానీ ఒక్క రూమూ మాది కాదు.

2025 నవంబర్‌లో బాబా శతజయంతికి జనం వచ్చినప్పుడు అమ్మ ఒక మాట అడిగింది. "మనింట్లో ముందర గది ఖాళీగానే ఉంది కదా నాయనా, దాన్ని నాలుగు రోజులు ఇస్తే తప్పా?" డిగ్రీ చదివినా నాకు జవాబు తెలీలేదు. ఆ రోజు నుంచి రూల్స్ చదవడం మొదలుపెట్టా. చదివాక అర్థమైంది ఏందంటే, ఇది మాయమ్మ గది గురించి మాత్రమే కాదు, అరకు నుంచి లంబసింగి దాకా మన భూమి గురించి కూడా.

ముందు రూల్ ఏం చెప్తుందో చూద్దాం. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒక ఇంటికి గుర్తింపు కావాలంటే అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు లోపు ఉండాలి, పడకలు 12 దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. యజమాని తన కుటుంబంతో అదే ఇంట్లో కాపురం ఉండాలి. విదేశీయులు దిగితే, ఒక్క గది ఇచ్చినా సరే, 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం నింపి పంపాలి. పుట్టపర్తిలాంటి చోట ఇది రోజూ ఉండే పని.

ఈ ఫారం సంగతి చెప్తే మా తాత నవ్వినాడు. ఆ నవ్వు వెనక చాలా కథ ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, మా ఎరుకలోళ్లను పోలీసు రిజిస్టర్‌లో రాసినారు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. 1952లో ఆ చట్టం పోయింది కానీ అనుమానం పోలేదు. ఇంటికొచ్చిన అతిథి పేరు మనం రాసి, కింద ఇంటి యజమానిగా మనం సంతకం పెట్టే రోజు రావాలని నాకు ఆశ. అందుకే రూల్స్ అంటే భయపడొద్దు అంటున్నా. రూల్ మన చేతిలో ఉంటే అది మనకు కాపలా.

బయట దేశాల్లో కూడా గొడవ ఇదే. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి కొత్త రూల్ గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజుల కంటే తక్కువకు ఇల్లు ఇవ్వాలంటే నగరం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఇచ్చేవాళ్లు అదే ఇంట్లో ఉండాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. రిజిస్టర్ కాని ఇంటికి ఎయిర్‌బీఎన్‌బీ లాంటి సైట్లు బుకింగ్ డబ్బు తీసుకోకూడదు. బార్సిలోనా అయితే ఇంకా ముందుకు పోయింది. 10 వేలకు పైగా ఉన్న టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబర్ తర్వాత కొనసాగించేది లేదని 2024లోనే చెప్పేసింది. ఎందుకంటే ఇళ్లన్నీ టూరిస్టులకు పోయి, ఊరోళ్లకు అద్దె ఇల్లు దొరకని పరిస్థితి వచ్చింది. అంత డబ్బున్న నగరాలే "ఆ ఇంట్లో ఉండేది ఎవరు?" అని అడుగుతున్నాయి. మన ఏజెన్సీలో అది అడగాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

కొన్నేళ్ల కింద మిత్రులతో లంబసింగి పోయినా. మంచు చూడటానికి టెంట్లు, కాటేజీలు. తెల్లారుజామున ఒక పెద్దాయన మంట వేస్తున్నాడు. మాటల్లో అడిగినా, "ఈ జాగా ఎవరిది పెద్దాయనా?" "కాగితాల్లో నాదే బాబూ" అన్నాడు. నడిపేది మాత్రం మైదానం నుంచి వచ్చిన వేరే ఆయన. పెద్దాయనకు నెలకు ఇంత అని ఇస్తారంట. తన సొంత భూమిలో ఆయన వాచ్‌మన్.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, మనకు ఉన్నదే గట్టిది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరిస్తే వచ్చిందే మనం 1/70 అని పిలిచే చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీకి గానీ, ఆదివాసీలు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తాకట్టు, ఆ భూమి మీద చేసుకున్న ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. ప్రభుత్వం కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల నుంచే. అంటే టూరిస్టులు గుహలు చూడటానికి పోయే ఆ కొండల నుంచే. అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించేందుకు చర్య తీసుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది.

మరి తప్పు ఎక్కడుంది? కొంత మనలోనే ఉందని ఒప్పుకోవాలి. పేరు అరువిచ్చేది మనోళ్లే. "ఊరికే పడున్న భూమికి నెలనెలా డబ్బులొస్తే మీకేం నొప్పి?" అని నన్ను అడిగినోళ్లు ఉన్నారు. పేదరికంలో ఆ మాట నాకు అర్థమైతుంది. కానీ ఒక సీజన్ అద్దె కోసం పేరు ఇస్తే, రేపు పిల్లలకు మిగిలేది ఆ కాగితం ఒక్కటే. రోడ్డు పక్క జాగా, నీళ్ల ఊట, కొండ మీద దారి అన్నీ ఇంకొకరి గేటు లోపలికి పోతాయి. పెట్టుబడి కావాలా? లీజు బదులు మన సంఘం పేరు మీద అప్పు అడుగుదాం. 2024 అక్టోబర్ 2న మొదలుపెట్టిన ధర్తీ ఆబా పథకంలో గిరిజన ప్రాంతాల్లో 1000 హోమ్‌స్టేలు అని రాసుకున్నారు. కొత్తగా కట్టుకుంటే ఒక యూనిట్‌కు 5 లక్షల వరకు, ఉన్న ఇల్లు బాగు చేసుకుంటే 3 లక్షల వరకు సాయం. ఆ డబ్బు బినామీ చేతికి పోకుండా చూడటం మన పని.

అందుకే మన డిమాండ్లు ఇవి:

ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ హోమ్‌స్టేకైనా, టెంట్ సైట్‌కైనా గ్రామసభ తీర్మానం లేకుండా అనుమతి ఇవ్వకూడదు. ఇంటివాళ్లు అక్కడే ఉంటున్నారా లేదా గ్రామసభే చూడాలి.

రెండు. ఇంట్లో ఉంటూ ఒకటి రెండు గదులు ఇచ్చేవాళ్లకు రిజిస్ట్రేషన్ తేలిగ్గా, తెలుగులో, సచివాలయంలోనే అయిపోవాలి. ఇంట్లో ఉండకుండా వ్యాపారం చేసేవాళ్లకు లాడ్జి రూల్స్ అన్నీ పెట్టాలి. ఇద్దరికీ ఒకే కొలత వద్దు.

మూడు. మా శ్రీ సత్యసాయి జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, 1/70 మాకు రక్షణ లేదు. ఇక్కడి ఎరుకల, సుగాలి కుటుంబాలకు ముందు ఇంటి పట్టా కావాలి. పట్టా లేకుండా బ్యాంకు దగ్గరికి పోయి ఏం చూపిస్తాం? హోమ్‌స్టే సాయం మాలాంటి మైదాన ప్రాంత గిరిజనులకూ రావాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో ఉన్న ప్రతి కాటేజీ, ప్రతి టెంట్ సైట్ ఎవరి పేరు మీద ఉంది, నడిపేది ఎవరు అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. అవసరమైతే సమాచార హక్కు కింద అడగండి. వచ్చే గ్రామసభలో ఆ నోట్‌బుక్ పెట్టండి. పేరు అరువిచ్చిన పెద్దోళ్లను తిట్టొద్దు, పక్కన కూర్చోబెట్టుకుని చట్టం చదివి చెప్పండి.

మాయమ్మకు ఇప్పుడు జవాబు చెప్పినా. "తప్పు కాదమ్మా. మనం ఇంట్లోనే ఉంటాం కాబట్టి హోమ్‌స్టే అంటే మనదే. కాకపోతే రిజిస్టర్ చేసుకుని ఇద్దాం." ఆమె అప్పుడే ముందర గదికి సున్నం వేయాలంటోంది. పట్టా కోసం అర్జీ నేను రాస్తున్నా.

జై ఆదివాసీ!