రక్తస్రావానికి జవాబుదారు ఎవరు?

గుండె లయ తప్పి కొట్టుకునే మనిషికి రక్తం పలచబడే మందు ఇస్తే, గుండెలో గడ్డ కట్టి మెదడుకు చేరే ప్రమాదం తగ్గుతుంది. అదే మందు వల్ల పేగుల్లోనో మెదడులోనో రక్తం కారవచ్చు. ఇవ్వకపోతే పక్షవాతం భయం, ఇస్తే రక్తస్రావం భయం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితి ఇది. డాక్టరు రెండు ప్రమాదాలనూ తూచి, ఏది తక్కువో చూసి మందు రాస్తాడు. ఆ లెక్క చాలామంది విషయంలో సరిగ్గానే తేలుతుంది. కానీ తండ్రి రక్తం కక్కుకుని ఐసీయూలో ఉన్నప్పుడు, మందు లేకుంటే ఆయనకు ఎప్పుడో పక్షవాతం వచ్చి ఉండేదన్న మాట ఏ కొడుకుకూ ఊరటనివ్వదు. జరిగినదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలని అనిపిస్తుంది. అమెరికాలో వేలమంది ఆ జవాబు కోసం కోర్టుకెక్కారు. వాళ్లకు దొరికింది ఎంత, ఆ పోరాటం వల్ల మిగతా రోగులకు జరిగిన మేలెంత, కీడెంత అన్నది మనమూ ఆలోచించవలసిన విషయం. ఇవే మందులు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నాయి.

ఈ మందుల చరిత్ర పశువుల కొట్టంలో మొదలైంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933 చలికాలంలో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన ఆవును, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్ని, పాడైన గడ్డిని బండిలో వేసుకుని కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలకు తెచ్చాడు. ఆ గడ్డిలో ఉన్న పదార్థాన్ని లింక్ బృందం వేరుచేసింది. దాని వరసలోనే వార్ఫరిన్ వచ్చింది. 1948లో అది ఎలుకల మందు. 1954లో మనుషులకు వాడేందుకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చిన మందుల్లో అదీ ఒకటి.

వార్ఫరిన్‌తోనో, మన దగ్గర ఎక్కువగా రాసే దాని తోబుట్టువు ఎసిట్రోమ్‌తోనో బతకడం ఎలా ఉంటుందో గుండె వాల్వు మార్పించుకున్న మనిషి ఉన్న ఇంటివాళ్లకు బాగా తెలుసు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండు మిల్లీగ్రాములు, శని ఆదివారాలు మూడు. బిళ్లను బ్లేడుతో సగం చేయడం. ల్యాబుకు వెళ్లి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించడం. అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉంటే ఊపిరి పీల్చుకోవడం, నాలుగు దాటితే డాక్టరుకు ఫోన్ చేయడం. కొన్ని రకాల వాల్వులకు ఆ అంకె ఇంకొంచెం ఎక్కువే ఉండాలంటారు. పాలకూర, తోటకూర ఒక వారం రోజూ తిని మరో వారం పూర్తిగా మానేస్తే అంకె తలకిందులవుతుంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, ఈ మందు పనిచేసేది దానికి అడ్డుపడే. జ్వరానికో ఒళ్లు నొప్పులకో మందుల షాపులో ఏదో బిళ్ల కొని మింగినా అంకె మారుతుంది.

ఈ అవస్థ లేదంటూ 2010 అక్టోబరులో అమెరికా మార్కెట్లోకి వచ్చింది ప్రడాక్సా. జర్మనీకి చెందిన బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీది. అసలు మందు పేరు డబిగాట్రాన్. రక్తపరీక్షలు అక్కర్లేదు, ఆకుకూరల పట్టింపు లేదు, అందరికీ దాదాపు ఒకే మోతాదు. ఆ మాట వెనుక పెద్ద అధ్యయనమే ఉంది. 2009లో వెలువడిన ఆ పరిశోధనలో 18 వేల మందికి పైగా పాల్గొన్నారు. వార్ఫరిన్ వాడినవారిలో ఏడాదికి 1.69 శాతం మందికి పక్షవాతం, లేదా శరీరంలో మరోచోట గడ్డ వచ్చింది. 150 మిల్లీగ్రాముల డబిగాట్రాన్ వాడినవారిలో అది 1.11 శాతమే. తల లోపలి రక్తస్రావం 0.74 శాతం నుంచి 0.30 శాతానికి తగ్గింది. రక్తం పలచబడే మందులతో అందరూ ఎక్కువగా భయపడేది ఈ రకం రక్తస్రావానికే. ఇది సగానికి పైగా తగ్గడాన్ని తేలిగ్గా తీసుకోలేం. అదే సమయంలో జీర్ణకోశంలో తీవ్ర రక్తస్రావం 1.02 నుంచి 1.51 శాతానికి పెరిగింది.

సగటు లెక్కల్లో మంచి మందే. చిక్కంతా సగటుకు దూరంగా ఉన్నవాళ్ల దగ్గర వచ్చింది. డబిగాట్రాన్ ఒంట్లోంచి బయటికి పోయేది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే. ఎనభై ఏళ్లు దాటి, కిడ్నీలు మందగించిన మనిషి ఒంట్లో అదే మోతాదు ఎక్కువగా పేరుకుంటుంది. యూరప్‌లో ఇలాంటివాళ్ల కోసం 110 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఇచ్చారు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఒప్పుకోలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారి కోసం, ఆ పెద్ద అధ్యయనంలో పరీక్షించని 75 మిల్లీగ్రాముల మోతాదుకు అనుమతిచ్చింది. దీనికి తోడు, రక్తం ఆగకపోతే వార్ఫరిన్‌కు విటమిన్ కె విరుగుడుగా ఉంది, ప్రడాక్సాకు అప్పట్లో విరుగుడే లేదు. మందుల భద్రతను గమనించే ఒక స్వతంత్ర సంస్థ లెక్క ప్రకారం, 2011 ఒక్క ఏడాదిలో ఈ మందు మీద ఎఫ్‌డీఏకు 3,781 తీవ్ర ఫిర్యాదులు అందాయి. వాటిలో 542 మరణాలు. కొత్త మందు మీద ఎక్కువ ఫిర్యాదులు రావడం మామూలే, ఫిర్యాదు వచ్చినంత మాత్రాన మందే కారణమని తేలదు. అయినా విరుగుడు లేని మందు వాడుతూ చనిపోయినవాళ్ల కుటుంబాలు ప్రశ్నించాయంటే, అది న్యాయమైన ప్రశ్నే.

2012 నాటికి చాలా దావాలు ఇల్లినాయిలోని ఒక ఫెడరల్ కోర్టులో న్యాయమూర్తి డేవిడ్ హెర్న్‌డన్ ముందుకు చేరాయి. పత్రాలు భద్రపరచడంలో, అప్పగించడంలో కంపెనీ తీరును తప్పుపట్టి 2013 డిసెంబరులో ఆయన 9 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేశారు. 2014 ఫిబ్రవరిలో కంపెనీ అంతర్గత ఈమెయిళ్లు బయటికి వచ్చాయి. అన్నిటికన్నా విలువైన సమాచారం దొరికింది అక్కడే. ఒకే మోతాదు మింగినవాళ్లలో రక్తంలోని మందు స్థాయి మనిషికీ మనిషికీ ఐదు రెట్లకు పైగా తేడా ఉంటోందని కంపెనీ శాస్త్రవేత్తలకే తెలుసు. దాని మీద వ్యాసం రాస్తుంటే, అది అచ్చయితే రక్తపరీక్ష అక్కర్లేదన్న ప్రచారం దెబ్బతింటుందని లోపలివాళ్లే కొందరు ఆందోళన పడ్డారు. స్థాయి కొలిచి మోతాదు సవరిస్తే పెద్ద రక్తస్రావాలు గణనీయంగా తగ్గవచ్చని కంపెనీ లోపలి అంచనాలే సూచించినట్టు, వాటిని నియంత్రణ సంస్థలకు చెప్పనట్టు అదే ఏడాది జులైలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పరిశోధనాత్మక కథనం వేసింది.

కంపెనీ వాదనను కొట్టిపారేయడానికి లేదు. ఎవరికి రక్తం కారుతుందో మందు స్థాయి ఒక్కటే చెప్పలేదు, వయసు, కిడ్నీల పనితీరు కూడా చూడాలి. రక్తస్రావానికి భయపడి మోతాదు తగ్గిస్తే పక్షవాతం పెరుగుతుంది. స్థాయిని బట్టి మోతాదు మార్చడం వల్ల మేలుందని రోగుల మీద పరీక్షించి నిరూపించినవారు లేరు, ఆ అంచనాలు కంప్యూటర్ లెక్కలు మాత్రమే. నియంత్రణ సంస్థలు కూడా ఆ పరీక్షను తప్పనిసరి చేయలేదు. పైగా 2014 మేలో ఎఫ్‌డీఏ 65 ఏళ్లు దాటిన లక్షా 34 వేల మంది రోగుల రికార్డులు పరిశీలించి, వార్ఫరిన్‌తో పోలిస్తే ఈ మందు వాడినవారిలో పక్షవాతాలు, మెదడు రక్తస్రావాలు, మరణాలు తక్కువేనని, జీర్ణకోశ రక్తస్రావం మాత్రం ఎక్కువని తేల్చింది.

ఇదంతా నిజమని నేను ఒప్పుకుంటాను. అయినా ఒక మెట్టు దగ్గర నా అభిప్రాయం దావా వేసినవాళ్ల వైపే మొగ్గుతుంది. మందు వల్ల రక్తం కారడం నేరం కాదు, అది ఆ మందు స్వభావంలోనే ఉంది. ఎవరిలో ఎక్కువగా కారవచ్చన్న సూచన కంపెనీ చేతిలో ఉండి కూడా, దాన్ని చూసి నిర్ణయించుకోవలసిన డాక్టరుకు అందకుండా తొక్కిపట్టాలనుకోవడం మాత్రం తప్పు. ఆ సూచన అసంపూర్ణమైనదైతే, అసంపూర్ణమని చెప్పి మరీ ఇవ్వవచ్చు. ఎనభై రెండేళ్ల రోగికి మందు రాసే కార్డియాలజిస్టు దాన్ని తూచుకోగలడు.

కోర్టు ఆ తప్పును తేల్చి చెప్పిందా అంటే, లేదు. 2014 మేలో కంపెనీ సుమారు 4 వేల దావాలకు 65 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోలేదు. డబ్బు వచ్చింది, తీర్పు రాలేదు. విరుగుడు మందు 2015 అక్టోబరులో వచ్చింది. దాని పరిశోధన దావాల కన్నా ముందే మొదలైంది కాబట్టి ఆ ఘనతను లాయర్లకు కట్టబెట్టలేం. పత్రాలు బయటపడ్డ ఘనత మాత్రం వాళ్లదే.

రక్తం పలచబడే మరో కొత్త మందు జారెల్టో కథ మరోలా నడిచింది. బేయర్, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలు అమ్మిన ఈ మందు మీద 2017లో లూసియానా, మిసిసిపీల్లో జరిగిన మొదటి మూడు ఫెడరల్ విచారణల్లోనూ జ్యూరీలు కంపెనీల పక్షానే నిలిచాయి. ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ సుమారు 2.8 కోట్ల డాలర్లు ఇవ్వమంటే, కొద్ది వారాల్లోనే న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. అమెరికా చట్టంలో మందుల కంపెనీ హెచ్చరించవలసింది డాక్టరును. హెచ్చరిక ఇంకా స్పష్టంగా ఉంటే డాక్టరు ఈ మందు రాసి ఉండేవాడు కాదని రోగి నిరూపించాలి. మంచి డాక్టర్లలో చాలామంది అప్పటికీ రాసేవాళ్లమనే చెబుతారు, ఎందుకంటే మందు మంచిదే. అంతగా గెలుస్తున్న కంపెనీలే 2019లో సుమారు 25 వేల దావాలకు 77.5 కోట్ల డాలర్లిచ్చి ముగించాయి. సగటున మనిషికి 31 వేల డాలర్లు, అందులోంచే లాయర్ల ఫీజు. మెదడులో రక్తం కారిన మనిషికి అమెరికాలో ఆసుపత్రి ఖర్చుకైనా అది సరిపోతుందా?

లాయర్ల ప్రకటనల వల్ల జరిగిన కీడు గురించి కూడా చెప్పాలి. మీరు గానీ మీ ఆత్మీయులు గానీ ఈ మందు వాడి రక్తస్రావానికి గురయ్యారా, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటూ ఆ రోజుల్లో అమెరికా టీవీలు హోరెత్తాయి. ఒంటరిగా ఉండే వృద్ధురాలు ఆ మాట విని, డాక్టరును అడగకుండా బిళ్లలు మానేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అలా జారెల్టో మానేసి పక్షవాతం పాలైనవారి ఉదంతాలు 2016లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. రాసినవారిలో ఒకరు ఆ మందు అమ్మే కంపెనీ ఉద్యోగి, కాబట్టి ఆ నివేదికను జాగ్రత్తగానే చదవాలి. కానీ 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏడు సంస్థలకు ఇలాంటి ప్రకటనల మీద హెచ్చరిక లేఖలు పంపింది. మందు గురించి భయపెట్టేవాడికి, డాక్టరును అడగకుండా మానవద్దని అంతే గట్టిగా చెప్పే బాధ్యత కూడా ఉంటుంది.

ఇక ఎవరూ దావా వేయని రక్తస్రావాల మాట. వృద్ధులు మందుల దుష్ప్రభావాలతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం మీద అమెరికాలో 2011లో వచ్చిన అధ్యయనంలో, దాదాపు మూడోవంతు చేరికలకు కారణం వార్ఫరిన్. అయినా దాని మీద ఇంతటి వ్యాజ్యాల వెల్లువ లేదు. ప్రమాదం అందరికీ తెలిసినదే, అమ్మేది ఎక్కువగా జెనరిక్ కంపెనీలు. చట్టం ప్రకారం జెనరిక్ మాత్ర లేబులు అసలు కంపెనీ లేబులు లాగే ఉండాలి కాబట్టి, హెచ్చరిక చాలలేదని వాళ్ల మీద దావా నిలవదని 2011లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దావాల సంఖ్యను చూసి ఏ మందు ఎక్కువ ప్రమాదకరమో నిర్ణయించుకునేవాడు పూర్తిగా పొరబడతాడు.

మన దగ్గర పరిస్థితి వేరు. రుమాటిక్ జ్వరంతో చెడిన వాల్వులు మన దేశంలో ఇంకా ఎక్కువ. అలాంటి వాల్వులతో పాటు గుండె లయ కూడా తప్పిన రోగుల్లో జారెల్టోలోని మందు కన్నా పాత రకమే మేలని, మరణాలు తక్కువని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు ప్రడాక్సా పనికిరాదని 2013లోనే తేలింది. అంటే ఎసిట్రోమ్‌తో, ఐ.ఎన్.ఆర్. పరీక్షలతో మన అవస్థ ఇంకా చాలాకాలం ఉంటుంది. పరీక్ష చేసే ల్యాబు లేని మండలంలో ఉండే రోగికి అమెరికా కోర్టు తగవులు దూరపు కబుర్లు. అతనికి కావలసింది దగ్గరలో ఒక పరీక్ష, తెలుగులో రాసిన ఒక మోతాదు కార్డు.

ఏదైనా జరిగితే మన కుటుంబాలు ముందుగా వేలెత్తి చూపేది డాక్టరునే. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ దారి తెరుచుకుంది. కంపెనీని నిలదీసే దారి 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టంతో స్పష్టమైంది. లోపమున్న వస్తువుకు తయారీదారు బాధ్యుడు, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడమూ లోపమే. అయితే నిపుణుల పర్యవేక్షణలోనే వాడవలసిన వస్తువైతే, ఆ నిపుణుడికి హెచ్చరిక అందించడానికి తగిన ప్రయత్నం చేసిన తయారీదారుకు సెక్షన్ 87 మినహాయింపు ఇస్తుంది. డాక్టరు చీటీ మీద అమ్మే మందుకు ఇది వర్తిస్తుందని ఏ కంపెనీ లాయరైనా వాదిస్తాడు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు, రోగి వయసూ కిడ్నీల సంగతీ తెలిసినవాడు డాక్టరే. కానీ నిమిషానికొక రోగిని చూసే ఓపీలో ఆ హెచ్చరిక డాక్టరు దాకా వచ్చి ఆగిపోతుంది. మందుల దుష్ప్రభావాలను రోగులు, బంధువులు కూడా నేరుగా తెలపడానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 1800-180-3024 అనే ఉచిత నంబరు నడుపుతోంది. ఎసిట్రోమ్ చీటీ ఇచ్చే ప్రతి ఆసుపత్రీ ఆ నంబరును చీటీ మీదే అచ్చువేయడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు.