గంజాయి కుర్రాడికి స్టేషనా, ఆసుపత్రా?

గత ఏడాది ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక ఒక తల్లి మందిరంలోనే కూర్చుండిపోయింది. ఏమ్మా అని పలకరిస్తే కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. “అయ్యగారూ, ఎస్సైగారు మీకు తెలుసు కదండీ. మావాణ్ణి ఓ రెండు రోజులు లోపల కూర్చోబెట్టి భయపెట్టమనండి. ఇంట్లో ఇత్తడి బిందె కూడా మిగల్చలేదండీ” అంది. ఆమె కొడుకుకు 19 ఏళ్లు. మన సండే స్కూలులో పెరిగిన పిల్లవాడు. ఐటీఐ సగంలో మానేసి గంజాయికి అలవాటు పడ్డాడు.

రెండు రోజులు తిరగకుండా తండ్రి వచ్చాడు. “స్టేషన్ మాట ఎత్తకండి అయ్యగారూ. మా బావమరిది కువైట్ నుంచి వీసా చూస్తానన్నాడు. కేసు పడితే పాస్‌పోర్టు రాదు. ఎవరికీ తెలియకుండా మీరే ప్రార్థన చేసి మాన్పించండి” అన్నాడు.

తల్లి పోలీసును అడిగింది. తండ్రి గుట్టుగా ఉంచమన్నాడు. ఇద్దరిలో ఎవరూ వైద్యుడి మాట ఎత్తలేదు. నిజం చెప్పాలంటే మేమూ ఎత్తలేదు. మందలించాం. ఉపవాస ప్రార్థన పెట్టాం. అతను ఏడ్చాడు, ఒప్పుకున్నాడు, మూడు వారాలకు మళ్లీ కాలువ గట్టు మీది స్నేహితుల దగ్గరకే వెళ్లాడు. మేము అతణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ ఎనిమిది నెలలకు మేము దేవుని ఎదుట లెక్క చెప్పవలసి ఉంది. ఈ సంపాదకీయం రాయడానికి కారణం అదే.

మత్తుకు మందు పోలీసు లాఠీయా, వైద్యుడి చికిత్సా అన్న చర్చ ఈ రోజుల్లో అమలాపురం టీ కొట్టులోనూ వినబడుతోంది, రాజోలు, కొత్తపేట వైపు సంఘ కూడికల్లోనూ వినబడుతోంది. ఈ రెండింటికీ పోటీ పెట్టడమే పొరపాటని మా అభిప్రాయం. సరుకు వచ్చే దారిలో పోలీసు ఉండాలి. మత్తులో పడిన మనిషి దగ్గర వైద్యుడు ఉండాలి. ఇప్పుడు మన దగ్గర మొదటిది కనబడుతున్నంతగా రెండవది కనబడడం లేదు.

పోలీసుల పనిని తక్కువ చేయనవసరం లేదు. గంజాయి మన కొబ్బరి తోటల్లో పండేది కాదు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో పండి, ఘాటు రోడ్ల మీదుగా మైదానానికి దిగుతుంది. కోనసీమ ముఖద్వారమైన రావులపాలెం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అమలాపురం, రాజోలు మీదుగా 216వ నంబరు రహదారి పోతుంది. సరుకు తేవాలనుకునేవాడికి దారులకు కొదవ లేదు. 2021 చివరిలో రాష్ట్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 నవంబరులో ప్రభుత్వం ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. 1972 నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అన్న మాట పిల్లల నోళ్లలో పడింది. కీడు చేసేవాణ్ణి అదుపు చేయడానికి అధికారికి దేవుడే బాధ్యత అప్పగించాడని రోమా పత్రిక 13వ అధ్యాయం మనకు నేర్పుతుంది. పిల్లలకు పొట్లాలు అమ్మి బతికేవాడి విషయంలో సంఘం జాలి పేరుతో మెత్తబడకూడదు. వాడు మన బంధువైనా సరే.

అయితే అమ్మేవాడు వేరు, అలవాటుపడ్డవాడు వేరు. ఈ తేడాను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే గుర్తించింది. గంజాయి 20 కిలోలకు మించి దొరికితే పదేళ్ల నుంచి 20 ఏళ్ల వరకూ జైలు. కిలో లోపు దొరికితే ఏడాది వరకూ జైలు, లేదా పదివేల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. పట్టుబడుతున్నవారిలో తోట వేయించిన పెట్టుబడిదారు ఎక్కడో గానీ ఉండడు. జేబులో చిన్న పొట్లంతో దొరికే కుర్రాడే తేలికగా చిక్కుతాడు. వాణ్ణి జైలుకు పంపితే ఏమవుతుంది? అలవాటు పోదు. అమ్మేవాళ్లతో పరిచయం పెరుగుతుంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి కోసం తిరగాలి. గల్ఫ్ సంపాదన మీద కప్పు వేసుకున్న ఇళ్లు మన లంకల్లో ఎన్నో ఉన్నాయి. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల తరువాత, ఒక కేసు కుర్రాడి జీవితాన్ని ఎలా కట్టిపడేస్తుందో చాలా ఇళ్లు దగ్గరగా చూశాయి. ఆ తండ్రి భయం ఉత్త పరువు భయం కాదు.

కానీ ఆ తండ్రికి తెలియనిది, మాకూ అప్పుడు తెలియనిది ఒకటుంది. అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకు గానీ, కొద్ది పరిమాణం దగ్గర ఉంచుకున్నందుకు గానీ కేసులో ఉన్న బాధితుడు తనంతట తాను ముందుకు వచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. నేరం రుజువైన తరువాత కూడా, అతని వయసు, నడవడి, ఆరోగ్యం చూసి, అతను ఒప్పుకుంటే, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. చట్టం తలుపు తెరిచే ఉంచింది. ఆ తలుపు సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారే కరువయ్యారు.

ఇక చికిత్స. దానిలో మాయ ఏదీ లేదని ముందే చెప్పాలి. గంజాయి మీద కోరికను ఒక్క దెబ్బతో తీసేసే మాత్ర లేదు. మానినప్పుడు వచ్చే నిద్రలేమికి, చిరాకుకు వైద్యులు మందులిస్తారు. లేని గొంతులు వినబడుతున్నాయనే స్థితికి చేరినవారికి వేరే వైద్యం చేస్తారు. ఆ తరువాత నెలల తరబడి కౌన్సెలింగ్ సాగాలి. కొందరు మళ్లీ జారిపోతారు. షుగరు రోగికి ఒకసారి షుగరు పెరిగితే ఆసుపత్రి దండగ అనం కదా. ఇక్కడా అంతే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బుగానే లెక్కించింది. అదే చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. స్వస్థత పేరుతో మనుషులను కట్టి ఉంచే ప్రార్థనా గృహాలు ఎక్కడున్నా, ఈ మాట వినాలి. నమ్మి చేసినా అది నేరమే.

చికిత్స ఎంతమందికి అందుతోంది? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, నిషేధిత మత్తుకు బానిసలైన ప్రతి 20 మందిలో ఒక్కరికే ఎప్పుడైనా ఏదో ఒక సాయం అందింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు. మిగిలినవారు ఇళ్లలో, అరుగుల మీద, మన ప్రార్థన విన్నపాల చీటీల్లో ఉన్నారు.

చికిత్స కావాలంటే శిక్షలన్నీ ఎత్తేయాలని మేము అనడం లేదు. పోర్చుగల్ 2001లో స్వంత వాడకానికి జైలు తీసేసింది. దొరికినవారిని ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపి చికిత్స వైపు నడిపించింది. అమ్మకం మాత్రం నేరంగానే ఉంచింది. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 2021లో శిక్ష తీసేసి, చిన్న జరిమానా, ఒక హెల్ప్‌లైన్ నంబరు పెట్టింది. ఆ నంబరుకు ఫోన్ చేసినవారు కొద్దిమందే. 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ నేరం చేసింది. చికిత్స చేసే చేతులు సిద్ధం చేయకుండా శిక్ష తీసేస్తే మనిషి రోడ్డు మీదే ఉండిపోతాడు.

ఇంకొక మాట మన ఇంటి సంగతి. గంజాయి కుర్రాణ్ణి చూసి ముఖం చిట్లించే మనం, వారాంతం యానాం వెళ్లి సీసా తెచ్చుకునే పెద్దమనిషి కానుక పళ్లెం పట్టుకుంటే చూడనట్టు ఊరుకుంటాం. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ సీసా దొరుకుతోంది. చాలాకాలంగా విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. అలాంటివారిని గదిలో ఉంచి తలుపు వేసి ప్రార్థన చేయడం ప్రమాదం. ముందు వైద్యుడికి చూపించండి. ప్రార్థన ఆసుపత్రి మంచం పక్కన కూడా చేయవచ్చు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని గెరాసేనుల దేశపు మనిషి మనకు బాగా తెలిసినవాడే. ఆ ఊరివారు అతని కోసం మొదట వెతికింది సంకెళ్లు. కట్టారు, తెంపుకున్నాడు. మళ్లీ కట్టారు, మళ్లీ తెంపుకున్నాడు. చివరికి సమాధుల మధ్య వదిలేశారు. ప్రభువు వచ్చి అతని పేరు అడిగాడు. అతను బాగుపడి, బట్టలు కట్టుకుని, స్థిరబుద్ధితో కూర్చున్నాడు. అప్పుడు ఊరు సంతోషించలేదు. తమ పందుల నష్టం చూసుకుని ప్రభువునే వెళ్లిపొమ్మంది. ఒక మనిషి తిరిగి మనిషి కావడానికి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు పెట్టడానికి ఊరు ఇష్టపడలేదు. ప్రభువు మాత్రం అతణ్ణి తనవెంట తిప్పుకోకుండా తన ఇంటివారి దగ్గరకే పంపాడు. చికిత్స పూర్తయిన కుర్రాడు చేరవలసిన చోటూ అదే.

కనుక సంఘాలకు మా విన్నపం ఇది. స్త్రీల సమాజంలో, యవ్వనస్థుల కూడికలో 64ఎ సెక్షన్ గురించి ఒక న్యాయవాది చేత చెప్పించండి. మత్తు విడిపించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 నంబర్లను నోటీసు బోర్డు మీద రాయండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కూలికి వెళ్లే తల్లి కొడుకును ఒంటరిగా అక్కడికి తీసుకువెళ్లలేదు. బస్సు ఛార్జీ, తోడు వెళ్లే ఒక పెద్ద, ఈ రెండూ సంఘం ఇవ్వగలదు. ప్రైవేటు కేంద్రాలకు డబ్బు కట్టేముందు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూడండి. కొట్టి మాన్పిస్తామనేవారి దగ్గరకు పంపకండి. అమ్మేవాడు ఎవరో తెలిస్తే 1972కు చెప్పండి. అది చాడీ కాదు, పక్కింటి పిల్లవాడి ప్రాణం కాపాడడం. ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం: రావులపాలెంలో తనిఖీ ఎంత ముఖ్యమో, అమలాపురం, రాజోలు, కొత్తపేట ఆసుపత్రుల్లో వారానికి కొన్ని రోజులైనా మత్తు విడిపించే వైద్యుడు, కౌన్సెలరు కూర్చోవడం అంతే ముఖ్యం.

ఆ కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. ఆసుపత్రికి వెళ్లిన తరువాత ఒకసారి జారిపోయాడు. తల్లి ఈసారి స్టేషన్ మాట ఎత్తలేదు, మళ్లీ వైద్యుడి దగ్గరకే తీసుకువెళ్లింది. ఇప్పుడు కొబ్బరి వలిచే పనికి వెళుతున్నాడు. పూర్తిగా బయటపడ్డాడని మేము సాక్ష్యం చెప్పించడం లేదు, అందుకు తొందరపడడం కూడా లేదు. పోయిన ఆదివారం వెనక వరసలో, తండ్రి పక్కన కూర్చున్నాడు. అతని పక్కన ఇంకొక చోటు ఖాళీగా ఉంది. మన పేటలో ఇంకా గుట్టుగా ఏడుస్తున్న తల్లి ఎవరో, ఆ చోటు ఆమె కొడుకుది.