ఊరి కుక్కకు దగ్గు - అడవికి ముప్పు

జూలూరుపాడు: పత్తి చేనుకైనా, మిరప తోటకైనా, మేకల మందకైనా రాత్రిపూట కాపలా కుక్కే. మంచె మీద కునుకు తీసే రైతును అడవిపంది చేలో పడకముందే లేపేది అదే. అయితే ఎద్దుకు జబ్బు చేస్తే పశువైద్యశాలకు పరుగెత్తేవారు సైతం కుక్క దగ్గితే పట్టించుకోవడం తక్కువ. గొంతులో ఎముక ఇరుక్కుందనో, గాలి సోకిందనో వదిలివేస్తారు. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ అడవి అంచు మండలంలో ఈ నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టం కుక్కతోనే ఆగదు.

గుజరాత్‌లోని గిర్ అడవిలో 2018 సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో కొద్ది వారాల వ్యవధిలో 23 సింహాలు మృతి చెందాయి. వాటిలో కొన్నింటికి కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలింది. మిగిలిన సింహాల కోసం విదేశాల నుంచి టీకాలు తెప్పించవలసి వచ్చింది. ఆఫ్రికాలోని సెరెంగెటి అడవిలో 1994లో ఇదే వ్యాధికి సుమారు మూడో వంతు సింహాలు బలి అయ్యాయి. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచే అది అడవికి పాకిందని శాస్త్రజ్ఞులు భావించారు.

జూలూరుపాడు పరిసరాలలో సింహాలు లేవు. కాని డిస్టెంపర్ నక్కకు, రేచుకుక్కకు, చిరుతకు, పులికి కూడా సోకగలదు. పాల్వంచ వైపు కిన్నెరసాని అభయారణ్యం ఉంది. పశువుల కాపరి వెంట అడవిలోకి పోయి సాయంత్రానికి ఇంటికి చేరే కుక్క ఊరికి, అడవికి మధ్య వంతెన వంటిది.

లక్షణాలు ఏమిటి?

డిస్టెంపర్ సోకిన కుక్కకు మొదట జ్వరం వస్తుంది. కళ్ల వెంట పుసి, ముక్కు వెంట చిక్కటి చీమిడి కారుతాయి. తరువాత దగ్గు, ఆయాసం, విరేచనాలు మొదలవుతాయి. ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది. తేరుకున్నట్లు కనిపించిన కుక్కకు సైతం కొన్ని వారాల తరువాత మూర్ఛలు రావచ్చు. ఈ వ్యాధి మనుషులకు రాదు.

దగ్గిన ప్రతి కుక్కకూ డిస్టెంపర్ ఉన్నట్లు కాదు. కూనలలో కడుపులోని నులిపురుగుల పిల్లలు ఊపిరితిత్తుల గుండా పోయేటప్పుడు దగ్గు వస్తుంది. ముసలి కుక్కలలో గుండె జబ్బు వల్ల, దోమకాటుతో చేరే గుండె పురుగుల వల్ల కూడా రావచ్చు. పిల్లులలో జలుబు వైరస్‌లు, ఉబ్బసం, రొమ్ములో నీరు చేరడం వంటివి ఆయాసానికి కారణాలు. కారణాన్ని బట్టి మందు మారుతుంది.

రొమ్ముకు ఎక్స్‌రే తీస్తే చాలావరకు తేలుతుంది. ఆ వసతి చిన్న పశువైద్యశాలలలో సాధారణంగా ఉండదు. హైదరాబాదులోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వంటి చోటికి కుక్కను తీసుకుపోగల రైతు అరుదు. అందువల్ల యజమాని చూసి చెప్పే వివరాలే డాక్టరుకు ఆధారం. కుక్క గాని, పిల్లి గాని నిద్రలో ఉండగా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కించాలి. 30 లోపు ఉంటే సాధారణం. నిద్రలోనూ 40 దాటుతుంటే జాప్యం చేయరాదు. చిగుళ్లు నీలిరంగుకు మారినా, పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా ప్రాణాపాయమే.

గొట్టం వైద్యంతో ముప్పు

దగ్గుతున్న జంతువు తల పైకెత్తి, వెదురు గొట్టంతో నూనెనో కషాయాన్నో బలవంతంగా పోస్తే అది కడుపులోకి పోక ఊపిరితిత్తులలోకి పోవచ్చు. దానివల్ల లేని నెమ్ము కొత్తగా వస్తుంది. మనుషుల జ్వరం మాత్రలు కూడా ప్రమాదకరమే. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

డిస్టెంపర్ వైరస్‌ను చంపే మందు లేదు. దానితోపాటు వచ్చే నెమ్ముకు యాంటీబయాటిక్‌లు, నీరసానికి సెలైను ఇచ్చి, వెచ్చగా పడుకోబెట్టి కాపాడవలసిందే. రెండు రోజులకే దగ్గు తగ్గిందని సూదులు మాన్పిస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

మరో హెచ్చరిక: దవడ వేలాడి, చొంగ కారుస్తున్న కుక్కకు ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టరాదు. అది రేబిస్ కావచ్చు. కరిచినా, గాయానికి చొంగ తగిలినా వెంటనే సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి.

టీకాలు వేరు వేరు

కుక్కకు సూది వేయించాం, ఇక ఏ రోగమూ రాదనుకోవడం పొరపాటు. పశువైద్యశాలలలో జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా ఉచితంగా వేసేది రేబిస్ టీకా. 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన బాలునికి తొలిసారి టీకా వేయించిన రోజు అది. ఈ టీకా డిస్టెంపర్‌ను ఆపదు. డిస్టెంపర్‌కు కూనకు ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండేవరకు మూడు, నాలుగు వారాలకొకసారి మళ్లీ వేయించాలి. దుకాణంలో కొన్న టీకాను ఐసులో పెట్టి తీసుకుపోకపోతే పనిచేయదు.

మేకల కాపరులు, పోడు రైతులు ఈ ఖర్చు, ప్రయాస భరించి కుక్కలకు టీకా వేయిస్తారనుకోవడం అత్యాశే. కనుక రేబిస్ టీకా శిబిరాలలోనే అడవి అంచు గ్రామాల కుక్కలకు డిస్టెంపర్ టీకా కూడా వేసే ఏర్పాటు పశుసంవర్ధక, అటవీ శాఖలు కలిసి చేయవలసి ఉంది. ఊళ్లోనూ కొంత జాగ్రత్త అవసరం. జబ్బు కుక్కను అడవికి వెంట తీసుకుపోరాదు. చచ్చిన కుక్కను అడవిలో పారవేయక లోతుగా గోయి తీసి పూడ్చాలి. గిర్‌లో సింహాలు చనిపోయిన తరువాత టీకాల కోసం పరుగులు తీయవలసి వచ్చింది. ఇక్కడ ఆ పని ముందే చేయడానికి అవకాశం ఉంది.