నిరాశ్రయుల పేర్లు ఎవరి సొత్తు?

పటాన్‌చెరువు దాటి ముంబాయి రహదారి వెంబడి ఇస్నాపురము వఱకు అర్ధరాత్రి వేళ నడచి చూచిన పాఠకులు మనలో ఎందఱు గలరో చెప్పజాలము. చూచినవారికి మూసిన దుకాణముల అరుగుల మీదను, వంతెన క్రిందను, బస్సులు నిలుచు రేకుల నీడను పండుకొన్న మనుష్యులు కనబడియేయుందురు. వారిలో బిచ్చమెత్తువారు కొందఱే. తక్కినవారు పాశమైలారములోను బొల్లారములోను పగలెల్ల బరువులెత్తి, గది అద్దె చాలకనో, పని పోయినదినముననే కంట్రాక్టరు గది ఖాళీ చేయించుటచేతనో, రోగముచేతనో వీధిని బడినవారు. వీరి యిండ్లను గూర్చి వ్రాయవలసినది చాల గలదు. నేడు మేము వ్రాయబూనినది వీరి పేర్లను గూర్చి.

గత మాసమున సంగారెడ్డి గ్రంథాలయములో ఒక మిత్రుడు మాతో వాదమునకు దిగెను. సహృదయుడే, సేవాసంఘములలో ఏండ్ల తరబడి పనిచేసినవాడే. రాత్రిబస నడుపువారు వేఱు, అన్నము పెట్టువారు వేఱు, ఆసుపత్రి వేఱు, లేబరు కచ్చేరి వేఱు, మునిసిపాలిటీ వేఱు. ఒక్కొక్కచోట ఆ దీనుడు తన పేరు, ఊరు, కులము, రోగము, ఇల్లు విడిచిన కారణము మొదటినుండి చెప్పుకొనవలసివచ్చుచున్నది. అందఱి దప్తరములును కలిపి ఒక్క కంప్యూటరులో నుంచినచో అతనికి శ్రమ తప్పును, మనకు వ్రాసినదే వ్రాయుట తప్పును అని ఆయన వాదము. ఇందు సత్యము లేదని మేమనము. ఒక్క దుఃఖమునే పదిమార్లు చెప్పించుట క్రూరము. క్షయరోగి బస మార్చినప్పుడు మందు నడుమ నిలిచిపోకుండ ఆసుపత్రికిని ఆశ్రయమునకును మాట నడుచుచుండవలెను. నిలిచెనా, రోగము మొండిదగును. ఇంతవఱకు మిత్రునితో మాకు పేచీ లేదు. ఆ పెట్టె తాళపుచెవి ఎవరి మొలత్రాటికి కట్టవలెననుచోట వచ్చినది పేచీ.

మా కక్షిదారులలో ఒడిశానుండి వచ్చిన కూలి యొకడుండెను. ఒక ఆశ్రయమున పడక కోరి, తనకు క్షయయని దాపఱికము లేక చెప్పెను. అచటి కార్యకర్త అతనికి తేలికపని ఇప్పింపవలెనను సదుద్దేశముతో ఆ వివరములున్న కాగితమును ఇంకొక సంస్థకు పంపెను. అచటినుండి లేబరు కంట్రాక్టరునకు చేరెను. మఱునాటి ఉదయము గేటు వద్దనే పని లేదనిరి. ఎవరిమీద దావా వేయవలెను? చెప్పినవాడు ఉపకారబుద్ధితో చెప్పెను. విన్నవాడు పని లేదన్నాడేగాని రోగమని నోట అనలేదు. మేమొక నోటీసు వ్రాసితిమి, అంతకంటె ఏమియు చేయలేకపోతిమి. అతడు మరల ఏ ఆశ్రయపు గడపయు త్రొక్కలేదనియు, కొన్నాళ్లకు మందునకై పోవుటయు మానెననియు తరువాత వింటిమి. ఎయిడ్స్ విషయమున 2017 నాటి చట్టము రోగి సమ్మతి లేక అతని స్థితిని వెల్లడి చేయుటను సామాన్యముగా నిషేధించినది. ఒక రోగమునకు చూపిన మర్యాద తక్కినవాటికేల లేకపోవలెనో మాకు బోధపడదు.

దప్తరములు కలిపిన ఫలము తెలియుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణమంతట ఒక్కదినముననే సమగ్ర కుటుంబ సర్వే జరిగెను. పేరు ఎక్కకున్న పథకములు పోవునను భయముచే ఊరు విడిచిన కూలీలు బస్సుల మీద వ్రేలాడుచు స్వగ్రామములకు పరుగెత్తిరి. (ఇల్లే లేనివాని యింటికి గణకుడెట్లు వచ్చునని ఆనాడు అడిగినవారు తక్కువ.) పిమ్మట శాఖలన్నిటి లెక్కలను ఒకదానితో నొకటి సరిపోల్చు "సమగ్ర వేదిక" యను యంత్రవిధానము వెలసెను. కరెంటు బిల్లు ఒకచోట, మోటారు రిజిస్ట్రేషను ఒకచోట, ఆస్తిపన్ను మఱొకచోట; పేర్లు కలిసినచో మనిషి యొక్కడేయని యంత్రము తలంచెను. మన జిల్లాలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గలవారెందఱో ఏ పట్వారీ నడిగినను చెప్పియుండును! ఆ సంవత్సరములలో దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దయ్యెను. కార్డు పోయినవాడు దుకాణమునకు పోయిననాడే ఆ సంగతి నెఱిగెను. 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఆ కార్డులనన్నిటిని ఇంటింట మరల విచారింపుమని ఉత్తరువు చేయవలసివచ్చెను. అట్లు విచారింపగా వేలకొలది కుటుంబములు అర్హులేయని తేలెను. ఇల్లును ఇరుగుపొరుగును గలవారి గతియే ఇట్లుండ, అరుగు మీద పండుకొనువాని తరఫున సాక్ష్యము చెప్పువారెవరు? విచారణకు వచ్చిన ఉద్యోగి అతనిని ఏ చిరునామాలో వెదకును?

ఇంకొక ముచ్చట. 2017 నవంబరులో హైదరాబాదున ప్రపంచ వ్యాపారుల సభ జరుగుటకు ముందు పోలీసు కమిషనరు నగరమున భిక్షాటన నిషేధించెను. వీధులలోనివారిని లారీలకెక్కించి చెఱసాలల శాఖ నడుపు ఆశ్రయములకు చేర్చిరి. అవి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణములలోనివి. అన్నము పెట్టిరి, క్షౌరము చేయించిరి, కాదనము. కాని అన్నము పెట్టు చేయియు తాళము వేయు చేయియు ఒక్కటియైనచో, పేరు అడిగినప్పుడు ఎవడు నిజము చెప్పును? 2018లో ఢిల్లీ హైకోర్టు భిక్షాటనను నేరము చేయు నిబంధనలను ఆ నగరము మట్టుకు కొట్టివేసినది. మన 1977 నాటి భిక్షాటన నివారణ చట్టమునకు ఆ తీర్పు వర్తించలేదు.

లండనులో వీధులలో పండుకొను పరదేశీయులను గూర్చి సేవాసంస్థలవారు సేకరించిన వివరములు దేశమునుండి వెడలగొట్టు శాఖవారి చేతికి పోయెను. దుప్పటి యిచ్చినవాడే ఆనవాలు చూపినవాడయ్యెను. వీధిలో పండుకొనుటయే వెడలగొట్టుటకు కారణమను ఆ విధానము చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో అచటి హైకోర్టు తీర్పు చెప్పినది. ఉమ్మడి దప్తరముల పద్ధతికి పేరుమోసిన అమెరికాలో సైతము, ఇంటి హింసకు వెఱచి పాఱివచ్చిన స్త్రీలకు బస నిచ్చు సంస్థలు ఆ స్త్రీల వివరములను ఉమ్మడి లెక్కలో చేర్చరాదని 2005 నాటి చట్టము కట్టడి చేసినది. ఏలయన, వెంటబడిన భర్త ఏ గుమాస్తా నోటనైనను వారి చోటు తెలిసికొనగలడు. పటాన్‌చెరువు బస్సుస్టాండులో బిడ్డతో తెల్లవార్లు కూర్చుండు స్త్రీకి ఈ రక్షణ మన చట్టములలో ఎక్కడ నున్నదో మిత్రుడు చూపవలెను.

చట్టము లేదా యందురేమో. ఆంతరంగికత మౌలికమైన హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. 2025 నవంబరులో నియమములు వెలువడెను. ముఖ్యబాధ్యతలకు 18 మాసముల గడువిచ్చిరి. అయినను అందలి 7వ సెక్షను చదువుడు. ఒక సహాయమునకు పూర్వము సమ్మతించినవాని సమాచారమును ప్రభుత్వము మఱొక రాయితీకో, సేవకో, సర్టిఫికెట్టుకో మరల సమ్మతి నడుగకయే వాడుకొనవచ్చును. దుప్పటి కొఱకు వేసిన వ్రేలిముద్ర ఇక ఎన్ని గదులు తిరుగునో వేసినవానికి తెలియదు. ఆకలిగొన్నవాడు పళ్లెము ముందఱ నిలిచి చేసిన సంతకమును సమ్మతియని పిలుచుట న్యాయవాదవృత్తిలో ఇరువదియేండ్లు గడపిన మాకు సిగ్గుగానున్నది.

వ్రాయవలసినచోట వ్రాయరు, అదియే మా కోపమునకు మూలము. 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచి కర్మాగారము ప్రేలినప్పుడు నలుబదిమందికి పైగా కాలిపోయిరి. పెక్కుమంది బీహారు, ఒడిశా, జార్ఖండు మొదలగు పరరాష్ట్రములవారు. అస్థికలనుబట్టి డి.ఎన్.ఏ. పరీక్షలతో ఆనవాలు పట్టవలసివచ్చెను. ఎనమండుగురి దేహములు దొరకనే లేదు. తమవారి ఛాయాపటములు పట్టుకొని భార్యలును తండ్రులును గేట్ల చుట్టు తిరిగిన దినములను ఈ ప్రాంతమువారు మఱచియుండరు. రేషను కోయుటకు మనిషిని ఇంత సూక్ష్మముగా ఎఱిగిన యంత్రము, షిఫ్టులో ఎవరెవరున్నారో చెప్పవలసిననాడు ఏమైపోయినది?

దీనికి మందు పాతచట్టములోనే యుండెను. ఒడిశాలోని దాదను కూలీల దుస్థితి చూచి చేసిన 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము ప్రతి కూలికిని ఛాయాపటముతో గూడిన పాసుబుక్కు ఇయ్యవలెనని కంట్రాక్టరును శాసించినది. ఆ పుస్తకము కూలి దగ్గఱ నుండవలసినది. ఆచరణలో అది ఎందఱి చేతికి వచ్చెనో ఈ ప్రాంతమున అడిగి చూడుడు! 2025 నవంబరులో క్రొత్త లేబరు కోడులు వచ్చి ఆ చట్టము తొలగినది గాని, ఆ ఊహ చెడలేదు. వైద్యుడు చూడవలసినచో రోగి పుస్తకము తెఱచి చూపును. బసవాడు రోగపు పుటను చూడనక్కరలేదు. కంట్రాక్టరు దేనిని చూడనక్కరలేదు. పోలీసువారికి కోర్టు ఉత్తరువు లేక ఏ పుటయు తెఱువరాదు. పేరు చెప్పనివానికిని ఆ రాత్రికి పడక యియ్యవలెను. ఎవరెవరు తన లెక్క చూచిరో అడిగినదినమున అతనికి తన భాషలో చదివి వినిపింపవలెను; ఒడియాయైన ఒడియాలో, హిందీయైన హిందీలో. ఏ సహాయమునైనను కోయుటకు ముందు మనిషి మనిషితో ముఖాముఖి మాటాడవలెను. ఇందుకు సమ్మతించు సంస్థలు తమ రిజిస్టర్లను కలుపుకొనుటకు మా అభ్యంతరము లేదు.

మిత్రుడు ఈ వ్రాత చూచి మరల వాదమునకు వచ్చునని ఎఱుగుదుము. వచ్చునాడు ఇస్నాపురము అరుగుల మీదివారిలో ఒకనినైన వెంటబెట్టుకొని రావలెను. గ్రంథాలయమున కుర్చీలు చాలినన్ని యున్నవి. అతని పేరు మేమడుగము.