పాళీ మార్చలేని పెన్ను ఎంత అందమైనా పుల్లే

కిందటి సంచికలో కార్యవర్గం వారి ప్రకటన అందరూ చదివే ఉంటారు. ఉగాదికి ఆదివారం తెలుగు బడి పిల్లలందరికీ తలా ఒక ఇంకు పెన్ను ఇవ్వాలని సంకల్పం. సంకల్పం మంచిదే, కాదనను. కాని ఆ ప్రకటన వెలువడిన దగ్గర్నుంచి మన ఇళ్ళల్లో రెండు పక్షాలు బయల్దేరాయి. ఒక పక్షం వారు "ఇస్తే రాజమండ్రి పెన్నే ఇవ్వాలి, గాంధీగారు మెచ్చినది" అంటున్నారు. రెండో పక్షం వారు "మాంట్‌బ్లాంక్ పుట్టిన ఊళ్ళో కాపురముంటూ రాజమండ్రి నుంచి తెప్పించుకోవడమేమిటి, అందరికీ కాకపోయినా మొదటి బహుమతికైనా ఒక మాంట్‌బ్లాంక్ ఇద్దాం" అంటున్నారు. పెట్టె ఏ రంగుదై ఉండాలి, సంఘం పేరు మూత మీద చెక్కించాలా, గొట్టం మీదనా అన్నదాకా చర్చ వెళ్ళింది. పెద్దలు మన్నించాలి, ఇంత చర్చలో పాళీ గురించి మాట్లాడినవారు ఒక్కరూ లేరు. రాసేది పాళీ. మిగతాదంతా దాన్ని పట్టుకోవడానికి ఉన్న పిడి.

మా వృత్తిలో ఈ సంగతి వందేళ్ళ కిందటే తేలిపోయింది. ఆపరేషన్ కత్తి పూర్వం పిడీ అలుగూ ఒకటే ముక్కగా ఉండేది. మొద్దుబారితే సానకు పంపాలి. 1915లో మోర్గన్ పార్కర్ అనే ఆయన పిడి వేరు, అలుగు వేరు చేసి పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు మూడో నంబరు పిడికి పదో నంబరు, పదకొండో నంబరు, పదిహేనో నంబరు అలుగులు పడతాయి. గుంటూరులోనైనా హాంబర్గ్‌లోనైనా అంతే. పిడి వెండిదా, దాని మీద ఆసుపత్రి పేరుందా అని ఏ సర్జనూ అడగడు. పెన్నుల విషయానికి వచ్చేసరికి మాత్రం చదువుకున్నవాళ్ళం కూడా పిడిని చూసి మురిసిపోతున్నాం. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అన్నారా?

మూడు నాలుగేళ్ళ కిందట ఒక వేడుకలో మనలో చాలామందికి కానుకగా ఒక్కో ఇంకు పెన్ను అందింది. ఎవరు చేశారో, ఎవరు తెచ్చారో నాకు అనవసరం, చెప్పను కూడా. నల్లగా నిగనిగలాడుతూ, ఇత్తడి పట్టీలతో, మఖమలు పెట్టెలో చూడముచ్చటగా ఉంది. ఇంకు పోస్తే మొదటి గీత రాదు, రెండో గీత రాదు, మూడోసారి ఒక బొట్టు పడుతుంది. పాళీ తీసి కడుగుదామంటే రాదు. బంక వేసి బిగించేశారు. ఆ పెన్నులు ఇప్పుడెక్కడున్నాయి? మీ సొరుగుల్లో ఉన్నాయి. నా సొరుగులోనూ ఉంది. వాటిని పారెయ్యడానికి మనసొప్పదు, రాయడానికి చేతకాదు. మళ్ళీ అలాంటివే పిల్లల చేతుల్లో పెట్టబోతున్నాం గనక ఈ నాలుగు మాటలు.

పాళీ అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం. అది వంచిన పల్చని రేకు. మధ్యలో సన్నని చీలిక, దాని మొదట్లో సాధారణంగా ఒక రంధ్రం. చీలిక మొనవైపు పోయేకొద్దీ ఇరుకవుతుంది. అందుకే ఇంకు తనంతట తానే మొనకు పాకుతుంది, మనం నొక్కనక్కర్లేదు. రేకు కింద ఉండే ఫీడ్‌లోంచి ఇంకు వస్తుంది, ఆ దారినే పైకి గాలి పోతుంది. ఇంకు పోవడం, గాలి రావడం సమంగా జరిగితేనే రాత. మొన దగ్గర ఉక్కుగాని, బంగారంగాని తిన్నగా కాగితం మీద రాస్తే త్వరగా అరిగిపోతుంది. అందుకని అక్కడ గట్టి లోహపు పూసను అతికి, చీల్చి, నునుపు చేస్తారు. ధరను బట్టి మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. మరీ చవక పాళీల్లో పూసే ఉండదు. రేకు కొసను మడిచి వదిలేస్తారు. కొన్నిటి మీద "ఇరిడియం పాయింట్ జర్మనీ" అని దర్జాగా చెక్కి ఉంటుంది. అది ఏ కంపెనీ పేరూ కాదు, జర్మనీలో తయారైందనడానికి హామీ అంతకన్నా కాదు. ఈనాటి చాలా పాళీల మొనలో ఇరిడియం ఉండదు, ఉన్నా నామమాత్రం. జర్మనీలో కూర్చుని మనమే ఆ ముద్ర చూసి మోసపోతే ఇక చెప్పేదేముంది!

బంగారం మాటా అంతే. పూర్వం పాళీకి బంగారం వాడింది దర్జా కోసం కాదు. ఆనాటి ఆమ్లపు సిరాలు మామూలు ఉక్కును తినేసేవి, బంగారాన్ని తినలేకపోయేవి. తుప్పుపట్టని ఉక్కు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. మొనలోని పూస, చీలిక సరిగా ఉన్న ఉక్కు పాళీ, చీలిక వంకరగా ఉన్న పద్దెనిమిది కారెట్ల పాళీ కంటే వెయ్యి రెట్లు మేలు.

ఇక మాంట్‌బ్లాంక్ పక్షం వారికి. మన ఊరి కంపెనీ గొప్పదే. 1908లో సింప్లో ఫిల్లర్ పెన్ కంపెనీ అన్న పేరుతో మొదలై, 1924లో మైస్టర్‌ష్ట్యూక్ తెచ్చి లోకమంతా పేరు తెచ్చుకుంది. 2022లో ఫ్యాక్టరీ పక్కనే ప్రదర్శనశాల కూడా తెరిచారు. పిల్లల్ని తీసుకువెళ్ళండి, చూడదగ్గది. కాని ఆ ప్రదర్శన చూసి వచ్చేటప్పుడు ఒక సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. ఈ కంపెనీయే ఒకప్పుడు మాంటె రోజా అనీ, కరేరా అనీ బడిపిల్లలకూ, గుమాస్తాలకూ అందే ధరలో పెన్నులు చేసేది. 1977లో డన్‌హిల్ వారి చేతిలోకి వెళ్ళాక చవక పెన్నుల దారి క్రమంగా మూసేసి ఐశ్వర్యవంతుల దారి పట్టింది. ఈనాడు వాళ్ళ పెద్ద పెన్ను వెల వెయ్యి యూరోలకు అటూ ఇటూ. దాని పాళీ చెడితే వంటింటి బల్ల మీద మనం మార్చుకునేది కాదు, సర్వీసుకు పంపాల్సిందే. పదేళ్ళ పిల్ల చేతికి అది ఇస్తే వాళ్ళమ్మ వెంటనే లాక్కుని బీరువాలో పెడుతుంది. బీరువాలో పెట్టేదానికి తెలుగు బడి బహుమతి అని పేరెందుకు?

రాజమండ్రి పక్షం వారితో నాకు పేచీ ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనసు వాళ్ళ వైపే ఉంది. (2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం, నోరు తిరగడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది.) కోసూరి వెంకటరత్నం గారు 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీగారికి చేరింది. 1935 జూలైలో గాంధీగారు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ప్రతి మన సమావేశాల్లో ఎంతమంది చూపించలేదు! కాని అందులో ఏముందో గమనించారా? పెన్ను వాడి చూశాననీ, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తుందనీ చెప్పారు. వాడి చూసి మరీ చెప్పారు! స్వదేశీ గనక కళ్ళకద్దుకుని పెట్టెలో దాచలేదు. విదేశీ పెన్నుతో పోల్చి, పని చేస్తుందో లేదో తేల్చి, ఆ తర్వాత మెచ్చుకున్నారు. మనం చేస్తున్నది దానికి తలకిందులు. ముందు మెచ్చుకుంటాం, తర్వాత కొంటాం, వాడడం మాత్రం ఎప్పుడూ చెయ్యం. ఇలాంటి అభిమానం వల్ల ఆ పనివాళ్ళకు నష్టమే తప్ప లాభం లేదు. రాయదని ఎవరూ ఉత్తరం రాయకపోతే, బాగు చెయ్యాలని వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఎబొనైటు కడ్డీని లేతు మీద తరిగి గొట్టం, మూత చెయ్యడంలో మన పనివాడికి సాటి లేదు. మరలు అంత నున్నగా తిరుగుతాయి, పిల్లనగ్రోవి పట్టుకున్నట్టు ఉంటుంది. కాని పెన్ను చేసే విద్య వేరు, పాళీ చేసే విద్య వేరు. ఈ దేశంలోనూ అంతే: పాళీ మాత్రమే చేసే సంస్థలున్నాయి, బెర్లిన్‌లో యోవో, హైడెల్‌బర్గ్‌లో బాక్, అడవి కొండల్లో ష్మిట్. పేరున్న ఎన్నో పెన్నులకు పాళీలు వీళ్ళవే. తమిళనాడులో సాత్తూరు ఒకప్పుడు పాళీలకు పేరుపొందిన ఊరు; బాల్ పెన్నులు వచ్చి ఆ పనిని చిదిమేశాయి. కాన్పూరులో ఇప్పటికీ పాళీలు చేస్తున్నారు. తిరువళ్ళూరులో చేతితో చేసే రంగా పెన్నుల వాళ్ళు కోరినవారికి జర్మన్ పాళీ బిగించి ఇస్తారు. అందులో సిగ్గుపడవలసిందేముంది? ధర్మవరం పట్టుచీరకు జరీ సూరత్ నుంచి వస్తే అది ధర్మవరం చీర కాకుండా పోతుందా?

అసలు సంగతి ఇంకొకటి ఉంది, అది తెలుగువాళ్ళం తప్ప ఇంకెవరూ పట్టించుకోరు. ఇక్కడి పాళీలు ఇక్కడి లిపికి చేసినవి. కొంచెం వాలుగా, ఎక్కువగా పైనుంచి కిందికి లాగే గీతలు. మన అక్షరమో? 'ఠ' తీసుకోండి, 'ల' తీసుకోండి, 'జ్ఞ' తీసుకోండి. మొన ఒక చుట్టు చుట్టి, కిందికి దిగి, మళ్ళీ పైకి ఎక్కి లేస్తుంది. అంటే పాళీని లాగడమే కాదు, ఎదురు తోయాలి. లాగితే నున్నగా ఉండి తోస్తే గీరుకునే పాళీతో ఇంగ్లీషు గట్టెక్కవచ్చు, తెలుగు గట్టెక్కదు. ఆపైన ఒత్తులు. ఇక్కడి బడుల్లో చిన్నపిల్లలకిచ్చే 'ఎ' రకం పాళీ కొంచెం లావు మొన. దానితో "రాష్ట్రం" రాయిస్తే కింద ట-వత్తు, ర-వత్తు కలిసి ఒక నల్లని మచ్చ అవుతాయి. "స్త్రీ" రాస్తే ఈగ వాలినట్టుంటుంది. ఆ పిల్ల ఏమనుకుంటుంది? జర్మన్ రాస్తే ముత్యాల్లా వస్తోంది, తెలుగు రాస్తే పిచ్చిగీతలొస్తున్నాయి, కాబట్టి తెలుగే కష్టం అనుకుంటుంది. తల్లిదండ్రులూ అదే అనుకుంటారు. నా దగ్గరికి ఎవరైనా కుంటుతూ వస్తే ముందు చెప్పు విప్పి మేకు ఉందేమో చూస్తాను, తర్వాతే మోకాలికి ఎక్స్‌రే. పిల్ల తెలుగు రాయనంటే ముందు పాళీ చూడండి.

ఎడమచేతి పిల్లల సంగతి మరీ అన్యాయం. మన తరంలో కూడా వాళ్ళను చేతి మీద కొట్టి కుడిచేతికి మార్చినవాళ్ళున్నారు. తెలుగైనా జర్మనైనా ఎడమనుంచి కుడికే గనక వాళ్ళు అడ్డగీతలన్నీ తోస్తూ రాస్తారు. హైడెల్‌బర్గ్ లామీ వాళ్ళు ఎడమచేతివారికని వేరే పాళీ అమ్ముతారు. 1980లో వచ్చిన వాళ్ళ సఫారీ పెన్ను ఈ ఊళ్ళో ఏ కాగితాల కొట్లోనైనా దొరుకుతుంది. దాని పాళీ మీద సెల్లోటేపు ముక్క అంటించి ముందుకు లాగితే ఊడి వస్తుంది. కొత్తది తోస్తే బిగుస్తుంది. విడి పాళీ ఖరీదు ఒక పూట కాఫీ, కేకు ఖరీదంత. ఆ కంపెనీ 2024లో జపాను మిత్సుబిషి పెన్సిల్ వారి వశమైంది, అయినా ఈ సుగుణం పోలేదు. పెలికాన్ ఎం200 ఇంకొంచెం ఖరీదు, దాని పాళీ మరతో విప్పవచ్చు. నేను లామీకి ఏజెంటును కాను సుమండీ; ప్లాస్టిక్ పెన్ను అందం నాకూ నచ్చదు. కాని ఆ ప్లాస్టిక్ పెన్ను నేల మీద మొనతో పడితే పిల్ల ఏడవక్కర్లేదు. మన నిగనిగల కానుక పెన్ను పడితే దాని ఆయుష్షు అక్కడితో సరి.

"ఈ రోజుల్లో రాసేదెవరు?" అని అడిగేవారున్నారు. నిజమే, నేనే 2024 జనవరి నుంచి మందుల చీటీ చేతితో రాయడం లేదు, చట్టమే కంప్యూటరులో పంపమంది. కాని అక్షరం నేర్చుకునే చెయ్యి వేరు, నేర్చుకున్నాక వదిలేసే చెయ్యి వేరు. ఈ దేశపు బడుల్లో ఇప్పటికీ పెన్సిలు తర్వాత ఇంకు పెన్ను చేతికిస్తారు. కొన్ని తరగతుల్లో దానికి డ్రైవింగ్ లైసెన్సులాగా ఫ్యూలర్‌ఫ్యూరర్‌షైన్ అని ఒక కాగితం కూడా ఇచ్చి పిల్లల్ని మురిపిస్తారు. బాల్ పెన్ను నొక్కితే గాని రాయదు, మంచి పాళీకి పెన్ను బరువే చాలు. ఆ తేడా చిన్న వేళ్ళకు తెలుస్తుంది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. పెన్ను రాజమండ్రిదైనా సరే, హైడెల్‌బర్గ్‌దైనా సరే. పాళీ చేత్తో ఊడి రావాలి, అదే పాళీ విడిగా దొరకాలి, మొన సన్నం రకం కావాలి. రాజమండ్రికే ఆర్డరిస్తే, పాళీ కొలత మామూలుగా దొరికే ఐదో నంబరో ఆరో నంబరో ఉండేట్టు, బంక వెయ్యకుండా బిగించేట్టు, ఒక్కొక్క పెన్నుతో "రాష్ట్రం" అని రాసి చూసి ఆ కాగితం పెట్టెలో పెట్టి పంపేట్టు ముందే ఉత్తరం రాయాలి. ఇలా అడిగితే కోప్పడే పనివాడు మంచి పనివాడు కాడు. మఖమలు పెట్టె వద్దు, మూత మీద సంఘం పేరు వద్దు. ఆ డబ్బుతో పిల్లకొక విడి పాళీ వస్తుంది. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుకాడకూడదు గదా. పెన్ను గీరుకుంటోందని అరుగు మీద రుద్దే అలవాటు మన ఊళ్ళనుంచి తెచ్చుకున్న నాన్నలు దయచేసి ఆ పని చెయ్యకండి, మొనలోని పూస అరిగిపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి కడగండి. తయారీలో మిగిలిన జిడ్డు పోతే సగం పెన్నులు అక్కడే దారికొస్తాయి. అప్పటికీ రాకపోతే భూతద్దంలో చూడండి, చీలికకు రెండు వైపులా సమంగా ఉండాలి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉండకూడదు. అదీ కుదరకపోతే పాళీ మార్చండి.

ఉగాది నాడు భోజనాల తర్వాత ఒక బల్ల నాకు కేటాయిస్తే, ఎవరి పెన్ను పాళీ అయినా మార్చి చూపిస్తాను. సొరుగుల్లో ఉన్న ఆ నల్ల పెన్నులు కూడా తీసుకురండి. వేడినీళ్ళలో బంక వదులుతుందేమో చూద్దాం. భూతద్దం, సెల్లోటేపు నేను తెస్తాను. సిరాబుడ్డి ఎవరైనా తెండి, నీలం.