ప్యాకెట్ వెనక ఆ ఒక్క ముక్క తెలుగులో రాయండి!

పిల్లల చేతికి బిస్కెట్లు కొనిచ్చే అమ్మమ్మలకు, తాతయ్యలకు, అమ్మానాన్నలకు, కిరాణా కొట్ల యజమానులకు మా విన్నపం.

పల్లీ పడని పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. పాలు పడనివాళ్లున్నారు, గుడ్డు పడనివాళ్లున్నారు, రొయ్య తింటే పెదాలు వాచిపోయేవాళ్లున్నారు. "కాస్త తింటే ఏం కాదులే, అలవాటవుతుంది" అంటూ బలవంతంగా నోట్లో పెట్టే చుట్టాలకూ కొదవ లేదు. దయచేసి అలా పెట్టకండి. ఒంటికి పడని పదార్థం చిటికెడు చాలు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది.

ప్యాకెట్‌లో ఏం కలిసిందో చెప్పాలన్న నిబంధన లేకపోలేదు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం, అలర్జీ తెప్పించే ఎనిమిది రకాల్లో ఏది కలిసినా ప్యాకెట్ మీద "కంటెయిన్స్" (ఇందులో ఫలానాది ఉంది) అని విడిగా చెప్పి తీరాలి. గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఒక రకం. రొయ్యలు, పీతలు ఇంకో రకం. చేప, గుడ్డు, పాలు, సోయా తలా ఒకటి. వేరుశనగ, జీడిపప్పు, బాదం, పిస్తా కలిపి ఒక రకం. చివరిది, కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న సల్ఫైట్. బంగారు రంగులో మెరిసే కిస్‌మిస్‌కు ఆ మెరుపు చాలావరకు దీనివల్లే.

కంపెనీలు రాస్తున్నాయి. ఏ భాషలో? ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని ఆ నిబంధనలే అంటున్నాయి. తెలుగు వేస్తే వేయవచ్చు, వేయకపోతే అడిగే నాథుడు లేడు. టీవీలో ప్రకటన తెలుగులో, కొట్టు ముందు బోర్డు తెలుగులో, పాట కూడా తెలుగులోనే! బిడ్డ ప్రాణానికి సంబంధించిన ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం కంపెనీకి తెలుగు రాదు.

అది తెలుగులో వచ్చేదాకా మనమే జాగ్రత్తపడాలి. పచ్చచుక్క చూసి నిశ్చింతగా ఉండకండి. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది. పాలు, పల్లీ, గోధుమ అన్నీ పచ్చచుక్క కిందే వస్తాయి. వే పౌడర్ అన్నా, కేసిన్ అన్నా, మిల్క్ సాలిడ్స్ అన్నా పాలే. మైదా, ఉప్మా రవ్వ గోధుమలే. ఇంగువ డబ్బా కూడా తిప్పి చూడండి. మనం కొనేది చాలావరకు ఉత్త ఇంగువ కాదు, బంకలో మైదానో బియ్యప్పిండో కలిపిన సరుకు. గోధుమ పడనివారికి పప్పు పోపులోనే గండం పొంచి ఉంటుంది.

"మే కంటెయిన్" అని కనిపిస్తే, అదే మిషను మీద పల్లీలనో పాలపొడినో నడిపారు, కాస్త కలిసి ఉండొచ్చని అర్థం. అలా రాయడం కంపెనీ ఇష్టం, తప్పనిసరి కాదు. కాబట్టి ఆ మాట లేనంత మాత్రాన సరుకు శుభ్రమని నమ్మకండి. నూనెలకైతే అసలు అలర్జీ హెచ్చరిక నుంచే మినహాయింపు ఉంది. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు గనక సరే. ఇప్పుడు ఊరూరా వెలిసిన గానుగ నూనె సంగతి వేరు, అందులో కొంత మిగిలిపోతుంది. పల్లీ పడనివారు దాని జోలికి పోవద్దు.

ఇక నువ్వులు, ఆవాలు. ఆ ఎనిమిదిలో రెండూ లేవు! నువ్వుల పొడి, ఆవకాయ లేనిదే ముద్ద దిగని నేలకు ఇదేం జాబితా? బ్రిటన్ 14 రకాలు రాయిస్తోంది, వాటిలో ఈ రెండూ ఉన్నాయి. అమెరికా 2023 జనవరి 1 నుంచి నువ్వులను చేర్చింది. మన దగ్గర ఆవపిండిని "స్పైసెస్" అన్న ఒక్క మాట వెనక దాచేయవచ్చు.

కర్రీ పాయింట్‌లో, మిఠాయి కొట్టులో, బేకరీలో విడిగా తూచి ఇచ్చేవాటికి లేబులే ఉండదు. కూర గ్రేవీలో జీడిపప్పు పడిందా, పల్లీ పడిందా అని నోరు విప్పి అడగండి. వండినవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పది, అంతకు మించిన చోట్ల శాఖలున్న హోటళ్లు మాత్రం ఈ వివరాలు చూపించి తీరాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కూడా కొనకముందే తెలియజేయాలి.

కలిసినది రాయని ప్యాకెట్ దొరికితే పారేయకండి. ఫోటో తీయండి, 14 అంకెల లైసెన్సు నంబరు కనబడేలా. బిల్లు దాచండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ 1800112100కు గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫోన్ చేయండి. తప్పుడు లేబుల్‌కు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

తిన్న కాసేపటికే పెదాలు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా వాము నీళ్లతో, మాత్రలతో కాలయాపన చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మేము అడుగుతున్నవి రెండే. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ప్యాకెట్ మీద "కంటెయిన్స్" ముక్క తెలుగులోనూ ఉండాలి. నువ్వులు, ఆవాలు జాబితాలో చేరాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐకి పంపే వినతిపత్రం ఈ కాగితం ఇచ్చినవారి దగ్గరే ఉంది. సంతకం పెట్టండి, మీ వీధి కొట్టు యజమానితోనూ పెట్టించండి.

ఇట్లు
అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు