పాత కారుకు సీసమేల?

పాత కార్లను ముద్దుగా సాకుకొనువారు నలుగురు ఒకచోట కూడినచో మాట తప్పక పెట్రోలు మీదికి మళ్ళును. వెనుకటి పెట్రోలు వేరనియు, ఇప్పటిదానిలో పస లేదనియు, సీసము తీసివేసిననాటినుండి ఇంజనులు పాడగుచున్నవనియు ఒకరందురు, తక్కినవారు తలలూపుదురు. బ్రిటనులో సీసపు పెట్రోలు సామాన్య విక్రయము 2000 జనవరి 1 నుండి నిలిచిపోయినది. మన దేశమున అదే సంవత్సరము ఫిబ్రవరిలో నిలిచినది. పాతికేండ్లు గడచినను ఈ నిష్ఠూరము సమసిపోలేదు. ఇందులో నిజమెంత, అపవాదమెంత అని విచారించుట అవసరము. ఏలయన ఈ తగవులో ఒక పక్షమున ఉన్నది ఇనుప ఇంజను. రెండవ పక్షమున ఉన్నవారు బడిపిల్లలు.

నిజము కొంత లేకపోలేదు. ఇంజనులో కాలిన వాయువు బయటికి పోవు ద్వారమునకు మూతగా ఒక వాల్వు ఉండును. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు ఇంజనులో ఆ వాల్వు సెకనుకు ఇరువదియైదు పర్యాయములు తెరుచుకొని మూసుకొనవలెను. నిప్పువలె కాగియున్న ఆ లోహపు మూత వచ్చి తన పీటపై సమ్మెట దెబ్బవలె కూర్చుండును. ఆ పీటనే మెకానిక్కులు వాల్వు సీటు అందురు. పాత కార్లలో అనేకములకు ఈ సీటు విడిగా ఉండదు. పోత ఇనుప హెడ్డునందే తొలిచియుండును. అంత వేడిలో వాల్వు సీటును తాకినపుడు రెండును చిన్నచిన్న బిందువులవద్ద అతుకుకొని, వాల్వు మరల లేచునపుడు సీటునుండి రేణువులను పెకలించుకొనిపోవును. సీసము కాలగా మిగిలిన భస్మము ఈ రెంటి నడుమ పలుచని పొరగా నిలిచి ఆ అతుకును తప్పించుచుండెను. పొర పోయినది గనుక సీటు అరుగుచున్నది. ఒకప్పుడు మోరిస్, ఎం.జి. కార్లకు బి.ఎం.సి. వారు వేసిన బి-సిరీస్ ఇంజను ఈ జాతిలోనిదే. మన అంబాసిడరును చిరకాలము నడిపిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనును దాని సంతతియే.

విచిత్రమేమనగా, ఈ అరుగుదల మొదలైనపుడు ఇంజను పాడైనట్లు తోచదు, బాగుపడినట్లు తోచును. సీటు లోనికి అరిగినకొలది వాల్వు కాడ పైకి జరుగును. రాకరునకు వాల్వునకు నడుమ ఉండవలసిన సందు తగ్గును. ట్యాపెట్ల టకటక అణగిపోవును. యజమాని సంతోషించును! కొన్నాళ్ళకు ఆ సందు పూర్తిగా పూడిపోయి, వాల్వు గట్టిగా మూసుకొనుట మానును. వేడి వాయువు ఆ వెలితినుండి దూసుకొనిపోయి వాల్వు అంచును కాల్చివేయును. అప్పుడుగాని హెడ్డు దింపరు.

అయితే ఈ ముప్పు చెప్పుకొనుచున్నంత విరివిగా కలుగునది కాదు. గంటలకొలది అధిక వేగముతో, అధిక భారముతో నడిపినపుడే సీటు త్వరగా అరుగును. ఆదివారమునాడు ఊరిలో రెండు వీథులు తిరిగివచ్చు కారు ఇంజను యేండ్ల తరబడి చెక్కుచెదరక నడువవచ్చును. అరిగినచో మందు లేకపోలేదు. లేతు పని తెలిసిన కార్ఖానాలో హెడ్డును తొలిచి, గట్టి ఉక్కు మిశ్రమముతో చేసిన సీటు వలయములను బిగింపించినచో ఆ ఇంజనుకు సీసముతో మరల పని ఉండదు. పెట్రోలులో కలుపు ద్రావకములు బజారున పెక్కు కలవు; పరీక్షకు నిలిచినవి వానిలో కొన్నియే. టాంకులో తగరపు గుళికలు వేసిన చాలునను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనుటకంటె ఆ సొమ్ము హెడ్డు పనికై దాచుకొనుట మేలు.

ఇక ఈ సీసము పెట్రోలులోనికి ఎందుకు వచ్చెనో చూడవలెను. వాల్వులను కాపాడుటకు కానేకాదు. ఆ గుణము దైవికముగా కలిసివచ్చినది. ఇంజనులోని మిశ్రమము అదును తప్పి మండి ఖణఖణమని కొట్టుకొనుటను మాన్పుటకై, అమెరికాలోని జనరల్ మోటార్సు పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ 1921లో టెట్రాఇథైల్ లెడ్ అను ద్రవమును కనుగొనెను. 1923లో అది విక్రయమునకు వచ్చినది. విక్రేతలు దానికి ఇథైల్ అని పేరుపెట్టిరి. సీసమను మాట ఆ పేరులో ఎక్కడను లేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారమున దీనిని తయారుచేయు పనివారు ఐదుగురు మతిచలించి మరణించిరి. ఆ నెలాఖరున మిడ్‌గ్లీ పత్రికా విలేఖరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, భయము లేదని చూపెను. అంతకుముందు సంవత్సరమే ఆయన స్వయముగా సీసపు విషముచే బాధపడి విశ్రాంతి తీసికొనియుండెను.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన సంగతి మరియొకటి కలదు. 1979లో హెర్బర్ట్ నీడిల్మన్ అను వైద్యుడు, ఆయన సహచరులు బోస్టను సమీపమునగల చెల్సీ, సోమర్‌విల్ పట్టణములలో చేసిన పరిశోధనను ప్రకటించిరి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఊడిన పాలపండ్లను సేకరించి, వానిలో సీసమెంత చేరియున్నదో కొలిచిరి. ఆ పిల్లల నడవడిని గూర్చి వారి పంతుళ్ళను ప్రశ్నించిరి. ఎవరి పంటిలో ఎంత సీసమున్నదో ఆ పంతుళ్ళకు తెలియదు. పాఠముపై మనసు నిలుపలేనివాడెవడు, చెప్పిన పని వరుసగా చేయలేనివాడెవడు, పరధ్యానముగా కూర్చుండువాడెవడు అని రెండువేలకు పైగా పిల్లలను గూర్చి వారు గుర్తించియిచ్చిరి. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, పంటిలో సీసము హెచ్చినకొలది ఈ లోపములును మెట్టుమెట్టుగా హెచ్చినవి. ఆ సీసమంతయు పెట్రోలునుండి వచ్చినదే కాదు. పాత గోడల రంగులలోని సీసమును అందు కలదు. అయినను అమెరికాలో 1976-80 నడుమ అయిదేండ్లలోపు పిల్లల రక్తమున డెసిలీటరునకు సగటున 15 మైక్రోగ్రాములున్న సీసము, 1990ల తొలినాళ్ళకు 3 మైక్రోగ్రాములకు లోపుగా దిగినది. ఆ తగ్గుదలకు ప్రధాన హేతువు పెట్రోలునుండి సీసము తొలగుటయే.

మొద్దని, సోమరియని మందలింపులు తిని, గోడకుర్చీ వేసిన పిల్లలలో ఎందరి తప్పు వీథిలోని పొగదియో ఇప్పుడెవరు లెక్కింపగలరు? వాల్వు సీటునకు వలయము బిగింపవచ్చును; మందగించిన బుద్ధికి అట్టి వలయము ఏ కార్ఖానాలోను దొరకదు. ఇది ఎరిగియు వెనుకటి పెట్రోలుకై నిట్టూర్చుట పాత వస్తువుపై ప్రేమ అనిపించుకొనదు. అల్జీరియాలో 2021లో విక్రయము ఆగుటతో రోడ్డు వాహనములకు సీసపు పెట్రోలు అమ్ము దేశము లేకుండపోయినదని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ ప్రకటించినది. చిన్న పిస్టను విమానములలో కొన్ని మాత్రము నేటికిని దానినే తాగుచున్నవి.

పాత కార్లవారు జాగ్రత్తపడవలసిన చోటు వేరొకటి కలదు. ఇంజను కొట్టుకొనుటను ఆల్కహాలు కూడ మాన్పగలదని మిడ్‌గ్లీ కాలముననే తెలియును. సీసము చవుక గనుక, పేటెంటు లాభము గలది గనుక దానినే పట్టుకొనిరి. నూరేండ్లకు ఆ ఆల్కహాలే తిరిగివచ్చి, 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము వరకు చేరినది. అది నీటిని పీల్చును. వెనుకటి రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను మెత్తబరచును. కార్బురేటరు అడుగున మడ్డి చేర్చును. ఉత్తర్‌పారా కర్మాగారమున 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరును నేటికిని కాపాడుకొనువారు సీసమునకై వగచుట మాని, ఏటికొకమారు గొట్టములను వ్రేలితో నొక్కి చూచి, మెత్తబడినవానిని ఆల్కహాలుకు ఓర్చు కొత్తవానితో మార్చవలెను. ఫీలరు గేజితో ట్యాపెట్ల సందు కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. సందు మాటిమాటికి తగ్గుచున్న వాల్వు ఏదియో ఆ పుస్తకమే చెప్పును. హెడ్డు దింపుటకు అదను అదియే.